ప్రూఫు గదిలో ఊఁ

తలుపు చాటున ఎవరమ్మా — గాలే గదమ్మా,
గాలికి గాజుల చప్పుడు ఎందుకమ్మా — …

ఆ తర్వాత ఏదో ఉంది. మా చిన్నప్పుడు చీకటి పడగానే ఒకరి వీపు వెనక ఒకరం నక్కి పాడుకునేవాళ్ళం. మూడో వరసలో గాలి ఏదో జవాబు చెబుతుంది. అది వినగానే కెవ్వుమని అరిచి తలోదిక్కూ పరుగెత్తేవాళ్ళం. అరుపు గుర్తుంది, పరుగు గుర్తుంది… జవాబే గుర్తు రావడం లేదు. పోనీలెండి.

గాలి సంగతి ఏమోగానీ, ఊఁ కొట్టే దెయ్యం సంగతి మాత్రం చెప్పగలను. నాకు చెప్పింది మా పక్కవాటాలో ఉండే కామాలక్క.

మా వీధి చివర పాత ప్రెస్సు ఒకటుండేది. ముందువైపు మిషన్లు, వెనకవైపు కాగితం రీములు పేర్చే గది. ఆ రెండిటి మధ్యా ఇరుకులో, చెక్కల అడ్డుగోడ కట్టి మిగుల్చుకున్న ముక్క — ప్రూఫు గది. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, మెడ వంచుకున్న దీపం ఒకటి. అంతే. ఆ గదికి మంచి పేరు లేదు.

అందులో ఒక పెద్దాయన ఉండేవాడు. తల నెరిసేదాకా ఆ కుర్చీలోనే కూర్చుని జనం తప్పులు దిద్దాడు. ఒక సాయంత్రం దిద్దుతూ దిద్దుతూనే, పెన్సిలు వేళ్ళ మధ్య ఉండగానే, బల్ల మీదికి తల వాల్చేశాడు. పేజీ సగంలో ఉంది. ఆ మిగిలిన సగంలో ఒక తప్పు ఉండిపోయిందట. ఎవరూ చూసుకోలేదట. పుస్తకం అలాగే అచ్చయి అందరి చేతుల్లోకీ వెళ్ళిపోయిందట.

బతికినన్నాళ్ళూ ఒక్క తప్పు వదలని మనిషి… పోయాక ఊరుకుంటాడా?

"చీకటి పడ్డాక వినబడుతుంది," అనేవాడు మిషనాయన, చేతుల సిరా తుడుచుకుంటూ, గొంతు బాగా తగ్గించి. "ఏడుపు కాదు. నవ్వు కాదు. ఒక్కటే… 'ఊఁ' అని."

వినేవాళ్ళకు నవ్వొచ్చేది. ఇంత మర్యాదస్థుడైన దెయ్యం ఎక్కడైనా ఉంటుందా అని. కానీ పొద్దుగుంకాక ఆ గదిలోకి వెళ్ళమంటే మాత్రం, నవ్వినవాళ్ళందరికీ ఇంటి దగ్గర పని గుర్తొచ్చేది.

ఆ ఊఁ ఎందుకు భయమో చెప్పాలంటే ప్రెస్సు పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రూఫులు ఇద్దరు చూస్తారు. ఒకరు రాతప్రతిని పైకి చదువుతారు — కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా, అన్నీ నోటితో చెబుతూ. రెండోవారు అచ్చుకాగితం మీద వేలు జరుపుకుంటూ వస్తారు. సరిపోతే "ఊఁ". తప్పుంటే బల్ల మీద పెన్సిలుతో "టక్". ఒకసారి ఊఁ అన్నారంటే చదివేవాళ్ళు వెనక్కి చూడకూడదు. తర్వాతి వాక్యంలోకి దూకెయ్యాల్సిందే. లేకపోతే ఆ పుస్తకం తెమలదు.

పెద్దాయన ఊఁ కొడుతుంటే ఎదురుగా కూర్చుని చదివిన మనిషి కామాలక్కే. ఆయన పోయాక దిద్దేపని ఆమెకే వచ్చింది. అసలు పేరు వాళ్ళాయనకైనా గుర్తుందో లేదో. ఎవరేం రాసినా అందులో ఒక కామా తక్కువైందని కనిపెట్టేది కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించిందీ ఆ పిల్లే. 'అ' తోక సరిగా తిరగలేదని వారంపాటు నన్ను 'ఆ' మొహం చూడనివ్వలేదు.

"ఇంకొంచెం తిప్పాలి అమ్మమ్మా."

"నాకు మిగిలిన ఆయుష్షంతా ఈ తోకకే సరిపోయేట్టుందే తల్లీ!"

మరి అలాంటి మనిషి నవల రాస్తే ఎలా ఉంటుంది?

పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది. పడవ నడిపే పిల్ల కథ. ఒక తెల్లవారుజామున ఆ పిల్ల రేవుకు వస్తే పడవ ఉండదు. ఎవరు ఎత్తుకుపోయారో వెతుక్కుంటూ బయల్దేరాలి. బయల్దేరితే కదా! 'ఆ ఉదయం రేవులో పడవ లేదు' అని రాసేది. చదువుకునేది. కొట్టేసేది. 'ఆ ఉదయం, రేవులో పడవ లేదు.' అదీ కొట్టేసేది. 'రేవులో, ఆ ఉదయం…' ఇలాగ మొదటి అధ్యాయమే రాసి, చింపి, మళ్ళీ రాసేది. కామాలక్క తల నెరవడం మొదలైంది గానీ, ఆ పిల్ల మాత్రం రేవులోనే నిలబడి ఉంది. పాపం, కాళ్ళు లాగవూ!

కామాలక్క అత్తగారు నోరున్న మనిషి. రేడియో పెద్దగా పెట్టుకుని, దాని మీదుగా అరిచేది —

"ఏమే అమ్మాయ్, పడవ దొరికిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"పోనీ పోలీసులకన్నా చెప్పవే!"

వాళ్ళాయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయేవాడు. కామాలక్క కూడా నవ్వేది. నవ్వి, వెళ్ళి, మళ్ళీ మొదటి వాక్యం దగ్గర కూర్చునేది. అప్పుడు మాత్రం ఆ మొహంలో నవ్వుండేది కాదని, ఆ ఇంటి కిటికీకి ఎదురుగా కూర్చునే నేనే చూశాను.

అలా ఉండగా ప్రెస్సు మూసేస్తారని తెలిసింది. యజమాని ఆమెను పిలిచి చెప్పాడు.

"నెలాఖరుకి గోడలు కొట్టడం మొదలుపెడతారమ్మా. పాత మిషను మీద ఆఖరుగా ఒక్క పుస్తకం వెయ్యాలని ఉంది. నీ పడవ కథ తెస్తే అదే వేస్తా. చిత్తుప్రతైనా పర్లేదు, కొట్టివేతలున్నా పర్లేదు. చివరంటూ ఉండాలి, అంతే. లేదంటే ఆ పాత లెక్కల గైడే ఇంకోసారి వేసి తాళం పెట్టేస్తా."

"చిత్తుగా ఇవ్వడమా?" అంది కామాలక్క, నడిబజారులో స్నానం చెయ్యమన్నట్టు.

కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదట. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదని ఆమెకు తెలిసిపోయింది. ఇంట్లో రేడియో. పగలంతా జనం తప్పులు. మిగిలింది చీకటి పడ్డాక… ప్రూఫు గది.

"ఒద్దక్కా," అని గొణిగాడు మిషనాయన, తాళంచెవి ఇస్తూనే.

"పెద్దాయన నన్నేం చేస్తాడు బాబూ, తప్పు పట్టడం తప్ప!"

ధీమాగానే అంది. కానీ ఆ తప్పు పట్టడమంటేనే ఆమెకు దెయ్యం కంటే ఎక్కువ భయం.

మొదటి రాత్రి.

మిషన్లు ఆగిపోయిన ప్రెస్సు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, పనిచేసిన వాళ్ళకే తెలుస్తుంది. సిరా వాసన, కిరసనాయిలు వాసన. దీపం వెలుగు బల్ల మీదే ఉంది. ఎదుటి కుర్చీ మాత్రం చీకట్లో ఉంది. దాని వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఖాళీగానే ఉంది.

కాగితం ముందు పెట్టుకుని, ఏళ్ళ అలవాటు కొద్దీ, పైకి చదివింది.

"ఆ ఉదయం రేవులో పడవ లేదు… ఫుల్‌స్టాపు."

నిశ్శబ్దం.

కామా పెడితేనో? కలం కొట్టివేతకు లేచింది…

"ఊఁ."

కలం గాల్లోనే ఆగిపోయింది.

చెక్కల అవతల నుంచి. మెల్లగా. ముసలి గొంతు. మగదో ఆడదో తెలియని గొంతు.

అరవాలి… గొంతు రాలేదు. లేవాలి… కాళ్ళు రాలేదు. అలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? నేనైతే తలుపు కూడా తియ్యకుండా, దాన్ని విరగ్గొట్టుకుని పరుగెత్తేదాన్ని. కామాలక్క ఏం చేసిందో తెలుసా?

తర్వాతి వాక్యం చదివింది!

ఏం చేస్తుంది, పాపం. చిన్నప్పటి నుంచీ అదే పని. ఊఁ వినబడితే నోరు దానంతటదే ముందుకు పోతుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నోరు మాత్రం చదువుతోంది. కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా.

"ఊఁ… ఊఁ…"

అలాగే మొదటి అధ్యాయం అయిపోయింది. చివరి వాక్యం. ఆ తర్వాత కాగితం తెల్లగా ఉంది. అక్కడ ఆపేస్తే బాగుండేది…

"ఊఁ," అంది చీకటి.

ఇక వెనక్కి పోకూడదు. ముందుకు పోదామంటే అక్షరం లేదు. పెద్దాయన కాచుకుని ఉన్నాడు. కాసేపు చూసి విసుక్కుంటాడు. విసుక్కున్న మనిషినైతే చూసింది గానీ, విసుక్కున్న దెయ్యాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఆ పిల్ల…" అంది వణుకుతూ. "ఆ పిల్ల… ఒడ్డు వెంట నడవడం మొదలుపెట్టింది. ఫుల్‌స్టాపు."

అంటూనే రాసేసింది. ఎంత చప్పగా ఉందో ఆమెకే తెలుసు. టక్ వినబడుతుందని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఊఁ."

అన్నేళ్ళకు ఆ పిల్ల రేవు కదిలింది!

తెల్లారి కామాలక్క మొహం పాలిపోయి ఉంది. మళ్ళీ వెళ్ళనని ఒట్టు పెట్టుకుంది. కానీ పగలంతా మిగిలిన ప్రూఫులు దిద్దుతుంటే ఒకటే ఆలోచన — ఒడ్డు వెంట నడిచిన పిల్ల ఎక్కడిదాకా వెళ్ళుంటుంది? చీకటి పడగానే కాళ్ళు వాటంతటవే ప్రెస్సు దారి పట్టాయి. ఇంట్లో అత్తగారు "నాకు నిద్దరొస్తోంది" అని రేడియో కట్టేసి పెందలాడే తలుపేసుకుంది కాబట్టి, అడిగేవాళ్ళూ లేరు.

రాత్రి వెనక రాత్రి. దెయ్యం ఊఁ కొడుతోంది, ఈమె రాస్తోంది. తప్పు మీద తప్పు! మూడో అధ్యాయంలో చంపేసిన పిన్ని ఎనిమిదో అధ్యాయంలో నిక్షేపంగా వచ్చి ఎవరికో మంచినీళ్ళిచ్చింది. నోటి నుంచి వచ్చాక గానీ ఆమెకు తట్టలేదు. అయిపోయింది, ఈసారి టక్ కాదు, బల్లే విరుగుతుందనుకుంది…

"ఊఁ," అంది దెయ్యం, హాయిగా.

బతికున్నప్పుడు అర కామాకు గొడవపడ్డ మనిషి, పోయాక ఇంత మెత్తబడ్డాడేమిటి చెప్మా అనుకుంది కామాలక్క.

ఒక్కసారే కోపం వచ్చింది ఆయనకు. ఒక రాత్రి ఈమెకు పాత రోగం తిరగబెట్టింది. కాగితాలన్నీ వెనక్కి తిప్పి, "ఆ ఉదయం, కామా, రేవులో…" అని మొదలుపెట్టింది.

దబ్బ్!

చెక్కలు అదిరాయి. దీపం మెడ ఊగింది. కామాలక్క కాగితాలు ఎంత తొందరగా ముందుకు తిప్పిందంటే, వేలు తెగింది.

చివరికి ఆ ఒక్క అధ్యాయం దగ్గరికి వచ్చింది. అందరూ వద్దన్నా వినకుండా, ఎవరిదో ఓటిపడవ వేసుకుని ఆ పిల్ల చీకట్లో నది మధ్యకు పోవాలి. ఏళ్ళ తరబడి కామాలక్క మొదటి వాక్యం దగ్గర తచ్చాడింది ఎందుకనుకున్నారు? కామా కోసమా? దీని కోసం. ఈ అధ్యాయం రాయడం తన వల్ల కాదని లోపల ఎక్కడో అనుకుంది. ఇక్కడిదాకా రాకుండా ఉంటే ఆ సంగతి బయటపడదు కదా.

ఆ రాత్రి వాన. మామూలు వాన కాదు. రేకుల మీద రాళ్ళు పోసినట్టు. కూర్చుందో లేదో కరెంటు పోయింది.

చీకటి… వాన… ఎదురుగా కనబడని కుర్చీ.

వెళ్ళిపోదామనుకుంది. సాకు కూడా దొరికింది, దీపం లేదుగా. లేచింది కూడా.

"ఊఁ?"

ఇంకా ఏమీ చదవనే లేదు!

మెల్లగా కూర్చుంది. కాగితం తడుముకుంది. ఏం రాస్తోందో కనబడదు. కనబడనిదాన్ని కొట్టెయ్యడం ఎలా? "నది నల్లగా ఉంది," అంది. ఊఁ. "నీళ్ళు పడవలోకి వస్తున్నాయి." ఊఁ. వాన హోరులో కూడా స్పష్టంగా వినబడుతోంది. ఆ రాత్రి ఎందుకో కాస్త దగ్గరగా వినబడింది కూడా. వాన వల్లేమో అనుకుంది. ఆ పిల్లతో పాటు తనూ ఏడ్చింది, చలికి వణికింది, తెడ్డు పోగొట్టుకుంది, చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయింది. కరెంటు వచ్చేసరికి వరస మీద వరస ఎక్కి, కాగితం అంచు దాటి బల్ల మీదికి కూడా పోయింది రాత. కానీ అధ్యాయం అయిపోయింది.

ఇక ఆఖరి రాత్రి.

ప్రెస్సు ముందర గునపాలూ పారలూ తెచ్చి పడేశారు. పొద్దున్నే వెనకవైపు గోడలు కొడతారు, ఆఖరి పుస్తకం అచ్చయ్యేదాకా మిషన్ల వైపు ముట్టుకోరు. కామాలక్క చివరి పేజీ రాసింది. పడవ దొరికింది. తమ్ముడే తీసుకుపోయాడని తేలింది. చివరి వాక్యం పైకి చదివింది.

"ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అవతలికి దాటించలేదు… ఫుల్‌స్టాపు."

ఊఁ రాలేదు.

ఆగింది. ఇన్నాళ్ళూ ఊఁ అని, ఇప్పుడు చివరి వాక్యం నచ్చలేదా? మళ్ళీ చదివింది, ఇంకాస్త గట్టిగా.

నిశ్శబ్దం.

ఆ తర్వాత… చెక్కల అవతల నుంచి… ఏదో ఈడ్చినట్టు… దీర్ఘంగా…

"గుర్ర్ర్ర్…"

దెయ్యం గురక పెడుతోంది.

కామాలక్కకు భయం పోయి ఒళ్ళు మండింది. ఏమిటీ, నా ఆఖరి వాక్యానికి నిద్రపోతావా! దీపం మెడ పట్టుకుని, తీగ అందినంత దూరం లాగి, రీముల గది తలుపు తోసింది.

కాగితం కట్టల మధ్య, మూడు కట్టలు కుర్చీలా పేర్చుకుని, దుప్పటి ముసుగేసుకుని, నోరు తెరుచుకుని… అత్తగారు!

"అత్తయ్యా!"

"ఊఁ," అంది అత్తగారు, నిద్రలోనే. తర్వాత కళ్ళు తెరిచింది. కోడల్ని చూసింది. దీపాన్ని చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఏం, అలా చూస్తావేం? ఒంటరి ఆడపిల్లవి, దెయ్యాల కొంపలో కూర్చుంటానంటే వదిలెయ్యమంటావా? మీ ఆయన్ని పంపుదామంటే, దెయ్యం పేరు చెబితే వాడికి చలిజ్వరం. వెనక తలుపు గడియ విరిగి ఎన్నేళ్ళయింది? రోజూ అందులోంచే వచ్చి, నువ్వు తాళం వేసేలోపు ఇంటికి పోతున్నా."

"మరి ఊఁ అని…"

"కథ చెబుతుంటే ఊఁ కొట్టకుండా ఎలా ఉంటారే ఎవరైనా?"

"మరి ఆ దబ్బ్?"

"మళ్ళీ రేవు దగ్గరికి పోయావు! ఒళ్ళు మండి కాగితం కట్ట మీద ఒక్కటి గుద్దాను. చెయ్యి ఇంకా నొప్పే." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇది చెప్పవే. ఆ పిన్ని చచ్చిపోయింది కదా, మళ్ళీ నీళ్ళిచ్చిందేం? ఎందుకొచ్చిన గొడవ, నిద్రలో నేనే ఏదో ముక్క వినలేదేమో అనుకుని ఊఁ అనేశా."

కామాలక్క కాగితం కట్టల మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్విందట.

నవ్వి నవ్వి, మెల్లగా కాగితాలు ముందుకు తీసుకుంది. "ఆ పిన్ని సంగతి ఒక్కటి సరిచేసి… అలాగే ఆ మొదటి వాక్యం కూడా…"

అత్తగారు దుప్పటి లోంచి చెయ్యి చాచి మొత్తం కట్టంతా లాక్కుంది.

"ఇచ్చెయ్యి. రేపు పొద్దున ప్రెస్సాయన చేతికిచ్చేదాకా ఇది నా తలగడ కింద ఉంటుంది. నా తల ఎత్తి తీసుకునే ధైర్యముంటే దిద్దుకో."

ఇద్దరూ ఇంటికి నడిచారు. అత్తగారు కుంటుతోంది. కోడలికి జాలేసింది.

"ఇన్ని రాత్రులు… ఆ వానలో కూడా ఎలా వచ్చారత్తయ్యా, ఈ మోకాళ్ళతో?"

అత్తగారు ఆగింది.

"వానలోనా? ఆ రాత్రి మంచం దిగితే ఒట్టు. మీ ఆయన్నడుగు, మోకాళ్ళకు కాపడం పెడుతూ పక్కనే కూర్చున్నాడు. ఆ ఒక్క అధ్యాయమే నేను వినలేదు… అందులో ఏమైందే?"

వీధిలో ఎవరూ లేరు. కామాలక్క ఒక్కసారి వెనక్కి తిరిగి ప్రెస్సు వైపు చూసింది. ఆ తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"పదండి, నడుస్తూ చెబుతా," అంది.

పొద్దున్నే కాగితాల కట్ట చంకన పెట్టుకుని నా గుమ్మం ముందుకు వచ్చింది. ఇదంతా నిలబడే చెప్పింది. కట్ట ఇంకా దారంతో బిగించే ఉంది. తలగడ కింద నలిగి మూలలు మడతపడ్డాయి. వీధి చివర గునపాల చప్పుడు మొదలైంది. "ఒకసారి మొదటి పేజీ చూడనీయవే," అన్నాను. తల అడ్డంగా ఊపింది. విప్పితే దిద్దుతుందని తన మీద తనకే భయం.

గేటు దాకా వెళ్ళింది. ఇక ఆగలేక అడిగేశాను.

"మరి ఆ వాన రాత్రి ఊఁ కొట్టిందెవరే?"

గేటు మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి నవ్వింది.

"ఎవరైతేనేం అమ్మమ్మా… మధ్యలో లేచి వెళ్ళలేదుగా!"